దోర్నకల్ బిషపు అజరయ్యగారు: న్యాయమును సంఘబల్లయొద్ద నేర్పిన కాపరి

(చదువదగిన వాక్యభాగములు: మీకా 6:6-8, లూకా 4:16-21, యాకోబు 2:1-9)



మీకా ప్రవక్త తన జనులతో ఆడిన వాదము మనమందరము వినియున్నదే. ఎన్ని పొట్టేళ్లను అర్పించినను, ఎంత నూనె పోసినను దేవుని మనస్సు తృప్తినొందదని ఆయన చెప్పెను. ఎదుటివానికి న్యాయము జరిగించుట, దయను మనసార కోరుట, తలవంచుకొని దేవునితో కూడ నడచుట - ఈ మూడును దేవుడు మనయొద్ద అడుగుచున్నాడని తెలిపెను. మనమైతే ఈ మూడింటిని మూడు వాటాలుగా పంచివేసితిమి. న్యాయము కచేరివారి పని యనియు, దయ ఆసుపత్రివారి పని యనియు, దేవునితో నడచుట మాత్రమే గుడివారి పని యనియు తలంచుచున్నాము. అయినను ఈ మూడును ఒకే జీవితములో కలిసి నడచిన సంగతి మన తెలుగు నేలమీదనే జరిగినది. దోర్నకల్ బిషపు వేదనాయకము శామ్యూలు అజరయ్యగారి చరిత్ర అట్టిది. ఈ నెల దానిని మీ యెదుట ఉంచుచున్నాము.

ఇప్పుడే ఎందుకని అడుగుదురేమో. మన పల్లెలనుండి హైదరాబాదునకు తూర్పున నున్న ఉప్పలుకును నాచారమునకును వెళ్లిన కుటుంబములు ఎన్నియో గలవు. వరంగల్లు రోడ్డున వచ్చువారికి నగరములో మొదట ఎదురగునది ఉప్పలే. జనగామ, మహబూబాబాదు, ఖమ్మము ప్రాంతములవారు అక్కడ దిగి, నాచారము పారిశ్రామిక వాడలో పని చూచుకొని, చుట్టుపట్ల బస్తీలలో అద్దె గదులు తీసికొని కాపురముందురు. వీరిలో కొందరి తాతలు, ముత్తాతలు అజరయ్యగారి కాలములో బాప్తిస్మము పొందినవారే. వీరు పల్లెను విడిచిరి గాని పల్లెలోని ప్రశ్న వీరిని విడువలేదు. అద్దె ఇల్లు అడుగబోయిన చోట ముందుగా వినబడునది మీరేవరను మాట. అంతకన్న నొప్పి కలిగించు సంగతి మరియొకటి గలదు. పెండ్లి సంబంధము మాట వచ్చినప్పుడు మన సంఘములలోనే, మన విశ్వాసులే, ఆ మాటనే ముందుగా అడుగుదురు. దీనికి అజరయ్యగారు తమ బ్రదుకుతో ఏ జవాబు చెప్పిరో చూతము.

పుట్టుక, చదువు

ఆయన తమిళులు. తిరునెల్వేలి సీమలో వెల్లాలన్‌విలై అను చిన్న గ్రామమున 1874వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన జన్మించిరి. తండ్రియైన థామస్ వేదనాయకముగారు ఆ గ్రామసంఘమునకు కాపరి. తల్లి ఎలెన్ అమ్మగారు. బహుకాలము కనిపెట్టిన పిమ్మట కలిగిన కుమారుడు గనుక, హన్నా మ్రొక్కుబడిని తలంచుకొని ఆ బిడ్డకు శామ్యూలు అని పేరు పెట్టిరి.

వారిది నాడారు కులము. తాటిచెట్లెక్కి గీతపని చేసికొని బ్రదుకుచుండిన ఆ కులమును ఆ దినములలో పైకులములవారు దేవాలయములలోనికి రానిచ్చెడివారు కారు. ఆ జనములో అనేకులు సువార్తను అంగీకరించి, బిడ్డలను బడికి పంపి, ఒకటి రెండు తరములలోనే తలయెత్తుకొనిరి. అట్టి ఇంటిలో పెరిగిన అజరయ్యగారికి, హీనులని ఎంచబడినవారు లేవగలరను సంగతి పుస్తకములలో చదువ నక్కరలేకపోయెను. తన ఇంటనే చూచిరి.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, జబ్బుచేత పరీక్ష తప్పిపోగా, పట్టా చేతికి రాకయే చదువు ముగించిరి. 1895లో, 21 ఏండ్ల వయస్సులో, వై.ఎం.సి.ఎ. అను యౌవనస్థుల క్రైస్తవ సంఘములో పనివారుగా చేరి దక్షిణదేశమంతయు తిరిగిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ అమ్మగారిని వివాహమాడిరి. ఆమె బాగుగ చదువుకొనిన స్త్రీ. తరువాతి కాలమున దోర్నకల్ పనిలో ఆయనకు సమానముగా భారము మోసినవారు.

ఇతరులను పంపినవాడు తానును వెళ్లుట

1902లో అజరయ్యగారు సింహళద్వీపములోని యాళ్పాణమునకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సువార్తికులను పంపుకొనుట చూచి, మన దేశములో ఏల జరుగరాదని ఆలోచించిరి. దాని ఫలముగా 1903వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన తిరునెల్వేలి ఇండియా మిషనెరీ సొసైటీ పుట్టినది. మనుష్యులును ధనమును నిర్వాహమును అన్నియు భారతీయులవే కావలెనని దాని నియమము. 1905వ సంవత్సరము క్రిస్మసునాడు సేరంపూరులో నేషనల్ మిషనెరీ సొసైటీ స్థాపనలోను ఆయనకు ముఖ్యమైన భాగముండెను.

తిరునెల్వేలివారు తమ పొలముగా ఎన్నుకొనినది నిజాము రాజ్యములోని తెలుగు ప్రాంతము, దోర్నకల్ చుట్టుపట్ల పల్లెలు. పనివారు కావలెనని ఊరూర పిలుపునిచ్చిన అజరయ్యగారికి చివరకు ఒక ఆలోచన తోచెను: ఇతరులను పొమ్మని చెప్పుచు తాను మంచి ఉద్యోగములో నిలిచియుండుట తగునా? 1909లో ఆ ఉద్యోగమును విడిచి, గురుపట్టము పొంది, కుటుంబముతో దోర్నకలునకు వచ్చిరి. మొదట గుడారములో కాపురముండిరి. 35వ ఏట తెలుగు నేర్చుకొనిరి. ఎద్దుబండిమీదను సైకిలుమీదను పల్లెపల్లెకు తిరిగిరి.

ఆయన చూచిన పల్లెలు

ఆ పల్లెలు ఎట్లుండెనో మన పెద్దలు చెప్పగా మనము వినియున్నాము. మాలవాడ, మాదిగవాడ ఊరికి వెలుపల ఉండెను. ఊరి బావిలో చేద వేయుటకు వీలులేదు. దేశముఖునకును పటేలుకును వెట్టి చేయవలెను, పిలిచినప్పుడు పోవలెను, కూలి అడుగరాదు. తండ్రి తీసికొనిన అప్పునకు కుమారుడు భగేలాగా దొర ఇంట పాటుపడవలెను. చచ్చిన గొడ్డును ఈడ్చుటయు, దాని మాంసము తినుటయు, జాతరలలో డప్పు కొట్టుటయు వారి వంతు. ఇట్లు తరతరములుగా అణగియున్నవాడు తాను అణగియుండుటకే పుట్టితినని నమ్మును. అన్యాయములలో ఇది మిక్కిలి లోతైనది. గొలుసు కాళ్లకున్నయెడల తెంచవచ్చును. మనస్సునకున్న గొలుసును ఎవరు తెంచగలరు?

అజరయ్యగారు సుత్తి ఎత్తినది ఆ గొలుసుమీదనే. దేవుడు తన స్వరూపమందు మనుష్యుని చేసెనను మొదటి పాఠమును అక్షరము రాని కూలివానికి నేర్పించిరి. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, పది ఆజ్ఞలు నోటితో వల్లింపజేసిరి. బాప్తిస్మము పొందినవాడు తన చేతిని తన తలమీద పెట్టుకొని, ఇకమీదట సువార్తను చెప్పక ఊరకుండజాలనని పౌలు అపొస్తలుని వలె ఒప్పుకొనవలెనని ఏర్పాటు చేసిరి. దీనిని కొంచెము ఆలోచించుడి. నిన్నటివరకు ఊరిలో నోరెత్తుటకు అధికారము లేనివాడు, బాప్తిస్మము పొందిన దినముననే సాక్షి ఆయెను, బోధకుడు ఆయెను. వాని మాట వినదగినదని సంఘము ఒప్పుకొనెను.

దానితోడనే బ్రదుకు మారవలెనని కూడ పట్టుబట్టిరి. చచ్చిన గొడ్డు మాంసము మానవలెను. కల్లు, సారా మానవలెను. ఇల్లు, ఒళ్లు శుభ్రముగా నుంచవలెను. ఆదివారము దేవుని సన్నిధికి రావలెను. ఇవి చిన్న సంగతులుగా తోచును గాని, ఆదివారము పనికి రానని చెప్పిన కూలివాడు దొర మాటకు మొదటిసారి అడ్డు చెప్పినవాడు. విగ్రహముల జాతరకు డప్పు కొట్టనని చెప్పినవాడు ఊరి కట్టుబాటును తాకినవాడు. ఇందునిమిత్తము దెబ్బలు తిన్నవారును, పని పోగొట్టుకొనినవారును అనేకులు. సువార్త మనుష్యుని పరలోకమునకు మాత్రమే సిద్ధపరచునని అనుకొనువారు ఈ సాక్షులను జ్ఞాపకము చేసికొనవలెను.

బిషపుగారు

1910వ సంవత్సరము జూను మాసమున స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో లోకమంతటి మిషనెరీల మహాసభ జరిగినది. అజరయ్యగారు అక్కడ లేచి, మిషనెరీలు తమ సొత్తును ప్రాణమును మన దేశమునకు ఇచ్చినందుకు కృతజ్ఞత తెలిపి, అయినను భారతీయుని స్నేహితునిగా తమ బల్లయొద్ద చేర్చుకొనుటకు వెనుదీయుచున్నారని ధైర్యముగా చెప్పిరి. దాతలు మాత్రమే చాలరు, స్నేహితులు కావలెనని కోరిరి. ఆ మాటకు సభలో కొందరు నొచ్చుకొనిరి. ఆయన మాత్రము వెనుకకు తీసికొనలేదు. పాలించువారి జాతిగర్వమైనను, పల్లెలోని కులగర్వమైనను, ఆయన దృష్టికి రెండును ఒక చెట్టు కాయలే.

1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ దేవాలయములో ఆయనకు బిషపు అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో మొదటి బిషపు ఆయనయే. ఈ నియామకమును ఆక్షేపించిన తెల్లవారుండిరి. ఆయన పుట్టిన కులమును బట్టి ఆక్షేపించిన తమిళ క్రైస్తవులును ఉండిరి. మన కన్నులు సిగ్గుతో దించుకొనదగిన సంగతి ఇది. ఆక్షేపణలకు ఆయన వాదముతో గాక 32 సంవత్సరముల పాటుతో జవాబు చెప్పిరి.

మొదట చిన్నదిగా నుండిన దోర్నకల్ అధ్యక్ష మండలము తరువాత కృష్ణా మొదలగు ప్రాంతములను కలుపుకొని విస్తరించెను. ఆయన మరణకాలమునకు అందులో క్రైస్తవులు 2 లక్షలకు పైబడి యుండిరి. వీరిలో మిక్కిలి యెక్కువమంది మాలలు, మాదిగలు. దోర్నకల్‌లో పాఠశాలలు వెలసెను. గురువులను సిద్ధపరచు వేదపాఠశాల వెలసెను. గురువు కాబోవువానితో పాటు అతని భార్యకును చదువు చెప్పిరి. ఆ పనిలో మరియమ్మాళ్ అమ్మగారి చేయి గలదు. నిన్నటి వెట్టివాని కుమారుడు గురువస్త్రములు ధరించి బల్లయొద్ద నిలువబడుట జనులు కన్నులార చూచిరి.

ఆ బల్లయొద్దనే ఆయన అసలు బోధ జరిగినది. మాలలకును మాదిగలకును నడుమ ఆ దినములలో నీళ్ల పొత్తు గాని, పిల్లనిచ్చి పుచ్చుకొనుట గాని లేదు. పైవారు తమ్మును త్రోసివేసినట్లే, వీరును ఒకరినొకరు త్రోసికొనుచుండిరి. ప్రభు సంస్కారములో ఒకే పాత్రనుండి అందరును త్రాగవలెనను సంఘపద్ధతి ఈ భేదమునకు ఎదురు నిలిచెను. ఒక దేవుని తండ్రిగా పిలిచి, ఒక పాత్రలో పాలుపొంది, బయటికి వచ్చిన తరువాత నీవెవరవని అడుగుట ఎట్లు? ఆ ప్రశ్నను ఆయన తమ సంఘములకు వదలక వేయుచు వచ్చిరి. మారిన బ్రదుకులను చూచి, 1930 ప్రాంతమున మాల మాదిగలు కాని కులములవారు కూడ వేలకొలదిగా సంఘములో చేరిరి. క్రింద నుండినవారి సాక్ష్యము వలన పైనున్నవారు రక్షకుని తెలిసికొనుట మన చరిత్రలో జ్ఞాపకముంచుకొనదగిన సంగతి.

ఆయన అన్నిటను జయించిరని చెప్పజాలము. పాత్ర ఒకటి ఆయెను గాని పెండ్లి పందిరి ఒకటి కాలేదు. ఆ పని మన తరమునకు మిగిలియున్నది.

రెండు వివాదములు

1932లో బ్రిటిషు ప్రభుత్వము ఆయా మతములవారికి ప్రత్యేక నియోజకవర్గములను ప్రకటించెను. క్రైస్తవులకు కూడ వేరుగా స్థానములు దొరకెను. అజరయ్యగారు దీనిని ఇష్టపడలేదు. సంఘము తన తలలను లెక్కించుకొని స్థానములకు పోరాడు మరియొక కులమగుననియు, పొరుగువారికి మనయెడల అనుమానము పుట్టుననియు ఆయన భయము. స్వప్రయోజనమును విడుచుకొని పలికిన పలుకిది.

మహాత్మా గాంధీగారితోను ఆయనకు అభిప్రాయభేదము కలిగెను. పేదలు గుంపులుగా మతము మారుట తెలిసి చేసిన పని కాదని గాంధీగారి తలంపు. పేదవానికిని ఆత్మ గలదనియు, దేవుని వెదకుటకును నిర్ణయించుకొనుటకును అతనికి హక్కు గలదనియు బిషపుగారి తలంపు. ఇద్దరును దేశమును ప్రేమించినవారే. అంటరానితనమును ఇద్దరును ద్వేషించిరి.

ఈ కథకు తరువాతి భాగము మనకు తగిలినది. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు మాత్రమే పరిమితము చేసెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. మన తెలుగు రాష్ట్రములలో దళిత క్రైస్తవులు వెనుకబడిన తరగతులలో సి విభాగముగా ఎంచబడిరి. వాడ ఒకటే, కూలి ఒకటే, అవమానము ఒకటే; కాగితము మీద మాత్రము వేరు. ఈ హక్కును అడుగుటలో అజరయ్యగారి మాటకు ఎదురాడుచున్నామా యని కొందరు కలతపడుదురు. మాకు తోచునది ఇది: సంఘము అధికారము కొరకు తలలు లెక్కించుకొనుట వేరు, ఒకే బాధ పడువారియందు విశ్వాసమును బట్టి భేదము చూపవద్దని అడుగుట వేరు. రెండవది మీకా అడిగిన న్యాయమునకు చెందినది. అయితే ప్రభుత్వము మనయందు భేదము చూపరాదని అడుగు నోరు, సంఘములో భేదము చూపిన యెడల ఆ అడుగుటకు బలమేమి యుండును?

దేవాలయము, చివరి దినములు

దోర్నకల్‌లో ఆయన కట్టించిన దేవాలయము 1939వ సంవత్సరము జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడెను. అది ఇంగ్లాండు గుడికి నకలు కాదు; దానిలో హిందూ ఆలయముల తీరును, మసీదుల తీరును కలిసియున్నవి. ఈ దేశపు మనుష్యుడు ఈ దేశపు మనుష్యుడుగానే దేవుని సన్నిధికి రావచ్చునని ఆ రాళ్లు చెప్పును. ఇయ్యనేర్చిన సంఘమే నిలువనేర్చునని ఆయన బోధించెడివారు. పేదరాలైన తల్లియు పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు పిడికెడు బియ్యము దేవుని కొరకు తీసిపెట్టెడిది. పుచ్చుకొనుటకే పుట్టితిమని అనుకొనినవారు ఇచ్చువారైరి.

సంఘములు చీలియుండుట ఆయనకు తీరని బాధ. 1919లో తరంగంబాడి సభనుండి సంఘైక్యత కొరకు పాటుపడిరి. 1945వ సంవత్సరము జనవరి 1వ తేదీన దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించిరి. ఆ దేవాలయపు నీడలోనే సమాధి చేయబడిరి. 1947వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. విత్తినవాడు ఆ పంటను కన్నులార చూడలేదు.

మనమేమి చేయవలెను?

ప్రియులారా, చరిత్ర విని సంతోషించి ఇంటికి పోవుట చాలదు. మన పల్లెసంఘములకును ఉప్పలు, నాచారములలో నున్న మనవారికిని మూడు సంగతులు జ్ఞాపకము చేయుచున్నాము.

మొదటిది, ఇల్లు. మనవారిలో కొందరు దేవుని కృపవలన ఆ ప్రాంతములలో సొంత ఇండ్లు కట్టుకొనిరి. గది అద్దెకు వచ్చినవానిని మీరేవరని అడుగుట మీ గుమ్మమునుండి పోవలెను. మనము అడిగించుకొని నొచ్చుకొనిన ప్రశ్నను మరియొకనికి వేయకుందుము.

రెండవది, కూలి. కోతవారి కూలి బిగబట్టబడిన యెడల ఆ మొర దేవుని చెవిని చేరునని యాకోబు పత్రిక ఐదవ అధ్యాయము తెలుపుచున్నది. నేటి వెట్టి దొర గడిలో కనబడదు. గుత్తేదారు పుస్తకములో కనబడును. మన బిడ్డ పనిచేయు చోట జీతపు చీటి ఇచ్చుచున్నారా? ఈ.ఎస్.ఐ. కార్డు, భవిష్యనిధి సంఖ్య చేతికి ఇచ్చిరా? నాచారములోనే ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి యున్నది, కార్డు లేని కూలివాడు దాని గోడ ప్రక్కనుండియే ప్రైవేటు వైద్యునికి అప్పు చేయబోవును. ప్రతి సంఘములో చదువుకొనిన ఇద్దరు యౌవనస్థులు, ఆదివారము ఆరాధన అయిన పిమ్మట ఒక గంట కూర్చుండి, ఇట్టి కాగితములు చూచి పెట్టిన యెడల అదియు దేవుని సేవయే. పల్లెనుండి యౌవనుని పంపునప్పుడు కాపరియొద్ద ఉత్తరము వ్రాయించుకొని అక్కడి సంఘమునకు అప్పగించుడి, ఒంటరివాడే మోసపోవును.

మూడవది, పెండ్లి. ఇది అన్నిటికన్న కష్టము. మాల ఇంటి విశ్వాసియైన పిల్లవాడును మాదిగ ఇంటి విశ్వాసియైన పిల్లయు ఇష్టపడి వచ్చినప్పుడు పెద్దలు ముఖము చాటువేయుదురు, విందునకు రారు. గలతీయుల పత్రిక మూడవ అధ్యాయమును పండుగనాడు చదివి, పందిరి దినమున మరచిపోవుట న్యాయమా? అట్టి జంటకు ముందుగా కాపరియు సంఘపెద్దలును అండగా నిలువవలెను; వారి విందులో ముందు పంక్తిలో కూర్చుండి భోజనము చేయవలెను. అజరయ్యగారు సగము కట్టి విడిచిన గోడ ఇదియే. మీదివరుస రాళ్లు మన చేతిలో నున్నవి.

ప్రార్థించుదము: మమ్మును నీ స్వరూపమందు చేసిన తండ్రీ, ఊరి వెలుపల నున్నవారిని వెదకి వచ్చిన నీ కుమారుని నిమిత్తము నిన్ను స్తుతించుచున్నాము. నీ దాసుడైన అజరయ్యగారిని మా తెలుగు పల్లెలకు పంపినందుకు వందనములు. ఉప్పలులోను నాచారములోను పాటుపడుచున్న మా బిడ్డలను కాపాడుము; వారి కూలిని వారికి దక్కనిమ్ము. మేము త్రాగు పాత్ర ఒకటియైనట్లు మా ఇండ్లును మా పందిళ్లును ఒకటగునట్లు మా హృదయములను మార్చుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.